ఆ కౌంటరు దగ్గరకు వెళ్ళని టీచరమ్మ

పోయిన వారం జవాబు పత్రాలు దిద్దుతూ కూర్చున్నాను. ఇద్దరు ఖైదీల సమస్య గురించి రాయమన్న ప్రశ్నకి ఒక విద్యార్థి ఇలా మొదలుపెట్టాడు: "ఇద్దరినీ వేరువేరు గదుల్లో పెట్టాలి. మధ్య గోడ మందంగా ఉండాలి."

స్టాఫ్ రూములో ఒక్కదాన్నే పకపకా నవ్వాను. పక్క కుర్చీలో లెక్కల మాస్టారు కళ్ళజోడు పైనుంచి చూసి, "ఏమ్మా, అంత బాగా రాశాడా?" అన్నారు. గోడ మందం సంగతి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. క్లాసులో ఎప్పుడో నేనే నోరు జారి ఉంటాను. నాకది ఖరగ్‌పూర్‌లో ఒకావిడ దగ్గర అబ్బింది. ఆవిడకి అది తెలుసుకోవడానికి ఒక పెట్టెడు సందేశ్ మిఠాయి ఖర్చయింది. ఆ కుర్రాడికి పూర్తి మార్కులు వేసేశాను.

ఆవిడ పేరు రాయను. రాస్తే అక్కడి రైల్వే కాలనీ, ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి సగం మంది ఫోన్ చేస్తారు. రాయకపోయినా చేస్తారనుకోండి, అది వేరే సంగతి.

నేను విజయవాడ నుంచి ఖరగ్‌పూర్‌లోని హిజ్లీ క్యాంపస్‌కి పీహెచ్‌డీ చేద్దామని వెళ్ళిన కొత్త. మొదటి రోజు, అడ్వాన్స్‌డ్ మైక్రో ఎకనామిక్స్ క్లాసు. అందరం ఇరవైల్లో ఉన్నవాళ్ళం, అందరికీ మనంత తెలివైనవాళ్ళు లేరన్న నమ్మకం. తలుపు తీసుకుని నలభై దాటిన ఒకావిడ లోపలికొచ్చింది. నేత చీర, కాళ్ళకి స్పోర్ట్స్ బూట్లు, జడముడిలో గుచ్చిన చాక్‌పీసు. ప్రొఫెసర్ అనుకుని అందరం లేచి నిలబడ్డాం. ఆవిడ ఎవరికోసం లేచామా అని వెనక్కి తిరిగి చూసి, ఎవరూ కనబడక, ఎందుకైనా మంచిదని తానూ మాతోపాటు నిలబడింది. అసలు ప్రొఫెసర్ వచ్చేసరికి గది గదంతా నిలబడి ఉంది. ఆయన జీవితంలో అంత మర్యాద ఎప్పుడూ చూసి ఉండడు.

చాక్‌పీసు సంగతి తరువాత చెప్పింది. వాళ్ళ నాన్న మన తెలుగు ప్రాంతం నుంచి వలసొచ్చి అక్కడి రైల్వే వర్క్‌షాపులో చేరిన ఫిట్టరు. ఇనుము మీద గీతలు గీసుకోవడానికి చెవి వెనకాల సుద్దముక్క పెట్టుకునేవాడట. "నాకు కళ్ళజోడు అడ్డం కదా, అందుకని ముడిలోకి మార్చినాను. మేడమూ గీడమూ అనకు, అక్కా అను. సాలు," అంది. ఆ రోజు నుంచి అక్కే.

అక్క రైల్వే స్కూల్లో పదకొండు, పన్నెండు తరగతులకి ఎకనామిక్స్ చెప్పే టీచరు. స్టడీ లీవు పెట్టి మా మధ్యకి వచ్చి కూర్చుంది. ప్రమోషన్ కోసమా అంటే కాదు. డాక్టరు అనిపించుకోవాలనా అంటే ఫక్కున నవ్వేది. కారణం ఒక తెలుగు కుర్రాడు అడిగిన ప్రశ్న.

ఎప్పుడో ఆవిడ బోర్డు మీద రెండు గీతలు గీసి, అవి కలిసిన చోట బియ్యం ధర కుదురుతుందని చెబుతుంటే, వెనక బెంచీలోంచి వాడు లేచాడట. "టీచర్, బియ్యం ధర కుదిరేసరికి గోధుమపిండి ధర కదిలిపోతాది కదా? అది కుదిర్చితే నూనె కదిలిపోతాది. నూనె కుదిర్చితే మళ్ళీ బియ్యం. అన్ని బజార్లూ ఒక్కసారి కుదిరే ధరలు అసలున్నాయేటి?"

"నానేటన్నానో తెలుసా?" అని నాకు చెబుతూ అక్క నెత్తి కొట్టుకుంది. "సిలబస్‌లో లేదురా, కూసో అన్నాను. ఆడు కూసున్నాడు. నాకే కూసోబుద్ధి కాలేదు."

ఆ కుర్రాడు చదువైపోయి, రైల్వే పరీక్ష రాసి, ఖరగ్‌పూర్ స్టేషన్‌లోనే టికెట్ కౌంటర్లో ఉద్యోగం తెచ్చుకున్నాడు. అక్కకి చిక్కొచ్చి పడింది అక్కడే. నెలకోసారి బాలాసోర్‌లో ఉన్న వాళ్ళ పెద్దక్కని చూడటానికి ఆవిడ రైలెక్కాలి. ఫోన్లో టికెట్ కొనడం ఆవిడకి నచ్చదు. కౌంటరు దగ్గరకు పోతే అద్దం వెనకాల వాడు. వాడి ముందు జనం లేకపోయినా సరే, పక్క కౌంటర్లో కొండవీటి చాంతాడంత క్యూలో చివర నిలబడేది. వాడు అద్దంలోంచి చేతులూపేవాడు. ఆవిడ రైళ్ళ టైము బోర్డు చూస్తున్నట్టు మొహం పైకెత్తేది.

"జవాబు లేకుండా ఆడి మొహం ఎలా సూడమంటావు?" అనేది నాతో. ఇదీ ఆవిడ చదువుకి కారణం. డిగ్రీ కాదు, ఆ కిటికీ ముందు తలెత్తి నిలబడటం.

ఆవిడతో చదువుకోవడం పెద్ద వేడుక. పుస్తకంలో ఆపిల్స్, ఆరెంజ్‌లు ఇచ్చిపుచ్చుకునే ఇద్దరు మనుషులుంటారు. ఆవిడకి వాళ్ళంటే గిట్టదు. "మా ఇంట్లో జ్వరమొస్తేనే ఆపిల్ కొనీవోరు. ఇదేటి, జొరగాళ్ళ బజారా?" అని కొట్టేసి, ఒక పక్క చేపలు, ఒక పక్క బెండకాయలు రాసుకునేది. పరీక్షలో కూడా అలాగే రాసేది. మలంచా రోడ్డు మీద బస్సులో వెళ్తుంటే, ఇరుక్కుని నిలబడ్డ జనాన్ని చూసి నా చెవిలో, "సూడు, సమతౌల్యం. ఎవరికి ఆళ్ళు జరుగుదామంటే ఒక్కడికీ లాభం లేదు," అనేది. అంతలో కండక్టరు వచ్చి అందర్నీ జరిపేవాడు. "ఇదిగో, బయటి శక్తి," అనేది.

ఒక సిద్ధాంతం నేర్చుకున్నాక ఆవిడది ఒక అలవాటుంది. ముడిలోంచి సుద్దముక్క తీసి, వాళ్ళింటి ఎర్రటి నున్నటి గచ్చు మీద నిరూపణ మొత్తం రాసి, గోడకి చేరబడి, "ఊఁ, ఇప్పుడు నన్ను మోసం సెయ్యి," అనేది. అంటే నేను అందులో కంత వెతకాలి. దొరికితే నా కంటే ఆవిడే ఎక్కువ సంబరపడేది. "దొరికిపోయినాను, దొరికిపోయినాను!" అంటూ తడిగుడ్డతో గచ్చు తుడిచి మళ్ళీ మొదలు. ఆదివారం వాళ్ళింటికి వెళ్తే ఇల్లు అద్దంలా ఉండేది. అదంతా నా పుణ్యమే అని గొప్ప చెప్పుకునేదాన్ని.

ఇంత హుషారైన మనిషి ఒక్క చోట మాత్రం బొక్కబోర్లా పడేది. ఆటల సిద్ధాంతంలో, ఒకరి సంగతి ఇంకొకరికి తెలియనప్పుడు ఎవరేం చేస్తారనే అధ్యాయం ఒకటుంది. అది ఆవిడ బుర్రకి ఎక్కదు. ఎక్కకపోవడం కాదు, అసలు అలాంటి లోకం ఉంటుందంటే నమ్మదు. పుట్టింది రైల్వే క్వార్టర్లలో, పెళ్ళయి వచ్చింది ఇంకో వరస క్వార్టర్లకి. ఒక గోడకి ఇటొక సంసారం, అటొక సంసారం. ఎవరింట్లో ఏ కూరో, ఎవరికి ఎవరి మీద అలకో, అందరికీ తెలుసు. "పక్కింట్లో ఏటి జరుగుతన్నాదో తెలీకుండా మనుషులెలాగ బతుకుతారు?" అని నన్నే నిలదీసేది.

అందుకే ఆ ఖైదీల ప్రయోగం. పోలీసులు ఇద్దర్ని పట్టుకుని విడివిడిగా అడుగుతారు. ఇద్దరూ నోరు మూసుకుంటే ఇద్దరికీ మేలు. కానీ రెండోవాడు ఏం చెబుతాడోనన్న భయంతో ఎవరికి వారే నోరు విప్పి ఇద్దరూ మునుగుతారు. అక్క దీన్ని మనుషుల మీద చూసి తీరాలంది. ఖైదీలుగా పక్క క్వార్టర్ పిన్నిని, ఆ పక్క బెంగాలీ వదినగారిని, అందరం బౌదీ అనే ఆవిడని, పట్టుకొచ్చింది. పందెం ఒక పెట్టెడు సందేశ్. ఇద్దరూ 'పంచుకుంటాను' అంటే చెరిసగం. ఒకరు 'మొత్తం నాదే' అని, రెండోవారు పంచుకుంటానంటే, లాక్కున్నవాళ్ళకే పెట్టె. ఇద్దరూ లాక్కుంటే చెరో ముక్క, మిగతావి మాకు. మిగతా వాటి మీద నేను చాలా ఆశలు పెట్టుకున్నాను.

పిన్ని వంటింట్లో అక్కతో, బౌదీ ముందుగదిలో నాతో. ఆలోచించుకోండి బౌదీ, అన్నానో లేదో, ఆవిడ గోడ వైపు తిరిగి గొంతెత్తి, "ఓ దీదీ, కీ బోల్‌బో గో?" అని, ఏం చెప్పమంటావంటూ అడిగింది.

గోడ అవతల నుంచి పిన్ని, "పంచుకుంటానను బౌదీ! నాకు షుగరు, నా వాటా కూడా మీ పిల్లలకే!"

"ఠీక్ ఆఛే!"

అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, మాట్లాడుకోకూడదని ఇద్దరికీ మళ్ళీ చెప్పి, టీవీ సౌండు పెద్దది చేసింది. ఈసారి పిన్ని పెరటి తలుపులోంచి చుట్టు తిరిగొచ్చి, బౌదీ చెవిలో చెప్పేసి వెళ్ళింది. పెట్టె మొత్తం బౌదీ ఇంటికి నడిచిపోయింది. మాకు పెట్టెకి కట్టిన దారం మిగిలింది.

అక్క ఆ టర్మ్ పేపర్లో మొదటి షరతుగా 'గోడ మందంగా ఉండవలెను' అని ఇంగ్లీషులో గంభీరంగా రాసింది. ప్రొఫెసర్ దాని పక్కన ఎర్ర సిరాతో 'నిజమే' అని రాసి, అడుగున తక్కువ మార్కులే వేశాడు.

నవ్వులు అక్కడితో ఆగాయి. క్వాలిఫయింగ్ పరీక్షలో అక్క తప్పింది. సరిగ్గా ఆ అధ్యాయంలోనే. అమ్మేవాడికి సరుకు లోపం తెలుసు, కొనేవాడికి తెలియదు, బేరం ఏమవుతుంది? అదీ ప్రశ్న. అక్క జవాబు, కొనేవాడు పక్కింటివాళ్ళని అడిగి తెలుసుకుంటాడు అని మొదలై, అక్కడే ఆగింది. ఇంకొక్కసారి రాయనిస్తారు. అదీ పోతే సీటు పోతుంది, లీవు రద్దవుతుంది, మళ్ళీ రెండు గీతల బియ్యం ధర దగ్గరికే. అద్దం వెనకాల ఆ కుర్రాడు పదవీ విరమణ దాకా చేతులూపుతూనే ఉంటాడు.

ఆ సాయంత్రం గూడ్సు బండి డ్యూటీలో ఎక్కడో ఉన్న భర్తకి ఫోన్లో మెల్లగా చెప్పింది. వీధిలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగి ఆవిడ దాచుకున్న మొదటి సంగతి అదేనేమో. పిన్ని రోజూ గిన్నెతో ఏదో ఒకటి పట్టుకొచ్చి, "పరీక్షేటైనాదమ్మా?" అని అడిగేది. "ఇంకా రాలేదు పిన్నీ," అని అక్క చెప్పేది. ఆ మూడు మాటలకే ఆవిడ చెవులు ఎర్రబడేవి. నాకు చూస్తే జాలేసేది, చెప్పేయండక్కా అంటే తల అడ్డంగా ఊపేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం గచ్చు మీద ఇద్దరం బోర్లా పడుకుని అదే అధ్యాయంతో కుస్తీ పడుతున్నాం. గోడ అవతల పిన్ని వాళ్ళాయన్ని కోప్పడుతోంది.

"నీకెన్నిసార్లు సెప్పాల? టీచరమ్మ పరీక్ష పోయినాదని మనకి తెలుసునని ఆవిడకి తెలీకూడదు. నిన్న ఎదురుపడితే అడక్కుండా ఎందుకొచ్చీసినావు?"

"పోయినాదని తెలిసి కూడా ఏటడుగుతానే?"

"అడగాల! రోజూ అడగాల. మానేసినామంటే మనకి తెలిసిపోయినాదని ఆవిడకి తెలిసిపోద్ది. పాపం, మళ్ళీ రాస్తాది కదా, రాయనీ."

నేను అక్క మొహం చూడలేక గచ్చు వైపు చూశాను. బాధ పడుతుందనుకున్నాను, ఏడుస్తుందేమో అని కూడా అనుకున్నాను. తలెత్తేసరికి ఆవిడ వేలు పెదాల మీద పెట్టుకుని, కళ్ళింతలు చేసుకుని, రెండో చేత్తో ముడిలో సుద్దముక్క కోసం తడుముకుంటోంది.

"ఆళ్ళకి తెలుసు," అని గుసగుసగా అంటూ గచ్చు మీద ఒక గీత గీసింది. "ఆళ్ళకి తెలుసని నాకిప్పుడు తెలుసు." ఇంకో గీత. "నాకు తెలుసని ఆళ్ళకి తెలీదు!" మూడో గీత. "తెలిసినోళ్ళూ అడుగుతారు, తెలీనోళ్ళూ అడుగుతారు. అడిగినంత మాత్రాన ఎవరు ఎవరో నాకెలా తెలుస్తాది? పిన్ని నన్ను పడగొట్టీసినాది! ఒలమ్మో, ఇదే కదా ఆ సేప్టరు!"

నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటూ గది ఈ మూల నుంచి ఆ మూల దాకా రాసుకుంటూ పోయింది. పుస్తకంలో నలభై పేజీలు చెప్పలేనిది పిన్ని గోడ చాటు నుంచి చెప్పేసింది. ఆ నవ్వులో మధ్యలో కళ్ళు తుడుచుకుంది కూడా. "సూసినావా, వీధి మొత్తం కలిసి నాటకమాడతన్నారు, నాకోసం," అంది. సాయంత్రం పిన్ని గిన్నెతో వచ్చి, "పరీక్షేటైనాదమ్మా?" అంది. అక్క నావైపు చూడకుండా, ఎంతో అమాయకంగా, "ఇంకా రాలేదు పిన్నీ," అంది. నేను లోపలికి పరిగెత్తి దిండులో మొహం దాచుకున్నాను.

రెండోసారి రాతపరీక్షలో ఆ అధ్యాయం మీద ఆవిడ రాసిన జవాబు ఎంత బాగుందంటే, ప్రొఫెసర్ మా క్లాసులో చదివి వినిపించాడు. ఇక మిగిలింది నోటిపరీక్ష. దానికి విద్యార్థులు వెనకాల కూర్చోవచ్చు. కూర్చున్నాను. ఆవిడ బూట్ల లేసులు బిగించుకుని పెళ్ళిపందిట్లో వడ్డనకి దిగినట్టు బోర్డు ముందు నిలబడింది.

అన్ని బజార్లూ ఒకేసారి కుదిరే ధరలు ఉంటాయని నిరూపించమన్నారు.

ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తరువాత చేపలు, బెండకాయలతో మొదలుపెట్టింది. ఎక్కడ సరుకు చాలకపోతే అక్కడ ధర కాస్త పెంచు, అలా అన్ని ధరల్నీ ఒకేసారి సవరించే ఒక నియమం రాసింది. ఏ ధరల దగ్గర ఆ నియమం ఇక దేన్నీ కదపలేదో అలాంటి చోటు ఒకటి తప్పకుండా ఉంటుందని, అక్కడ ఏ బజారులోనూ కొరత ఉండదని, మెట్టు మెట్టుగా బోర్డంతా నింపింది. ఆఖరి గీత గీసి, చేతులు దులుపుకుని, గోడకి చేరబడి, ఇంటి గచ్చు మీద ఉన్నాననుకుందో ఏమో, ప్రొఫెసర్‌తో అచ్చ తెలుగులో, "ఊఁ, ఇప్పుడు నన్ను మోసం సెయ్యండి," అనేసింది.

ఆయన బెంగాలీ మనిషి. ఏమందని నావైపు చూశాడు. నేను లేచి, "ఇందులో కంత ఎక్కడుందో చూపించమంటున్నారు సార్," అని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నిజంగానే కుర్చీలోంచి లేచి, బోర్డు దగ్గరకెళ్ళి, మొదటి గీత నుంచి వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళాడు. ఒక చోట ఆగాడు. మళ్ళీ చదివి, తల ఊపి, ముందుకు కదిలాడు. చివరికి వచ్చి, "లేదు," అన్నాడు.

అక్క బయటికొచ్చి నన్ను వాటేసుకుంది. మిఠాయి దుకాణానికి వెళ్దామన్నాను. పిన్నికి చెబుదామన్నాను. ఆవిడ అప్పటికే సైకిల్ స్టాండు తీసేసింది. "ముందు స్టేషనుకి!" అంది.

పక్క కౌంటరు ఆ రోజు ఖాళీగా ఉంది. వాడి కౌంటర్లోనే బారెడు క్యూ. అక్క ఆ క్యూలో చివర నిలబడింది. వాడు అద్దంలోంచి చూసి, నోరు తెరిచాడు, చేయి ఊపడం మరిచిపోయాడు. ఆవిడ వంతు వచ్చేసరికి సీట్లోంచి సగం లేచాడు.

"టీచర్! ఇన్నాళ్ళకి నా లైన్లోకి వచ్చినారా? నేను పైచదువు మానీసి ఉద్యోగంలో చేరినానని కోపమేమో అనుకున్నాను."

"కోపమేటిరా!" అక్క తెల్లబోయింది. తరువాత కిటికీ కంతలోకి వంగి, గొంతు సర్దుకుని, "ఒరే, ఉన్నాయిరా. నువ్వడిగినావే, అన్ని బజార్లూ ఒక్కసారి కుదిరే ధరలు, అవి ఉన్నాయి. ఇయ్యాల నిరూపించి వస్తన్నాను," అంది.

వాడు బుర్ర గోక్కున్నాడు. "నేనడిగినానా టీచర్?"

అక్క బియ్యం, గోధుమపిండి, నూనె, అన్నీ మళ్ళీ గుర్తుచేసింది. సుద్దముక్కతో అద్దం మీద గీయబోతే నేను చేయి పట్టుకున్నాను. వెనక నుంచి ఎవరో, "ఓ దీదీ, టికిట్ నిన్ నా! గాడీ ఛేడే దేబే!" అని, బండి వెళ్ళిపోతోందని కేకలు. వాడు మాత్రం కేకలు పట్టించుకోకుండా, ఆ వెనక బెంచీ కుర్రాడిలాగే గడ్డం కింద చేయి పెట్టుకుని మొత్తం విన్నాడు. విని, అడిగాడు.

"సరే టీచర్, ఉన్నాయి. ఒప్పుకున్నాను. మరి బజారు అక్కడిదాకా ఎలా ఎల్తాది? ఆ ధరలు ఎవరు సెప్తారు?"

క్యూ గోల చేస్తోంది. ధరలు ఉన్నాయనడం ఒకటి, బజారు వాటిని చేరుకుంటుందనడం ఒకటి. ఆ రెండోదానికి మా పుస్తకంలో గట్టి జవాబు లేదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ మెల్లగా నావైపు తిరిగింది. పరీక్ష నెగ్గినప్పుడు కూడా ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు నేను.

"పద," అంది, టికెట్ కూడా తీసుకోకుండా క్యూలోంచి తప్పుకుంటూ.

"ఎక్కడికక్కా? ఇంటికా?"

"లైబ్రరీకి."

కిటికీ కంతకి మొహం ఆనించి వాడు అరిచాడు. "టీచర్! మళ్ళీ కోపమొచ్చినాదేటి?"

"కోపం కాదురా గుంటడా," సైకిళ్ళ వైపు పరిగెడుతూనే వెనక్కి తిరిగి అరిచింది అక్క, "టైమియ్యి!"

ఆ తరువాత నేను ఖరగ్‌పూర్‌లో ఉన్నన్నాళ్ళూ ఆవిడ బాలాసోర్ టికెట్లు మళ్ళీ పక్క కౌంటర్లోనే కొనేది. వాడు ఈసారి చేతులూపడం మానేసి, అద్దంలోంచి కనుబొమలెగరేసి, దొరికిందా అని అడిగేవాడు. ఆవిడ నవ్వుతూ, ఇంకా లేదని తల అడ్డంగా ఊపేది.